సులోచనక్క తెలుగు చేసిన పుస్తకం

లోకనాథం మామ పోయిన పదహారో రోజు భోజనాలు తిరువళ్ళూరులో, ఒకప్పుడు ఆయన అచ్చాఫీసు ఉండిన కట్టడంలోనే పెట్టారు. ఇప్పుడక్కడ ఆయన కొడుకు ఫ్లెక్సు బ్యానర్లు వేస్తాడు. ఆ మెషిన్లను గోడ పక్కకు జరిపి, మీద టార్పాలిన్ కప్పి, ఆకులు వేశారు. నేను మీంజూరు నుంచి రెండు బస్సులు మారి చేరేసరికి మొదటి బంతి నడుస్తోంది. మా పెద్దమ్మ కూతురు సులోచనక్క తిరుత్తణి నుంచి రైల్లో ముందే వచ్చి, తన పక్కన నాకు చోటుంచింది. ఎదురు వరసలో బైండరు పొన్నుస్వామి కూర్చున్నాడు. లోకనాథం మామ దగ్గర ఏళ్ళ తరబడి పుస్తకాలు కుట్టిన మనిషి. సాంబారు వడ్డించేవాడు ముందుకు పోగానే ఆయన పక్కవాడి వైపు తిరిగాడు.

"ఈ అచ్చాఫీసు ఎవరి వల్ల మూతపడిందో తెలుసునా నీకు? లోకనాథం మహరాజు జపాను బొమ్మల పుస్తకం ఒకటి వేసినాడు. అది అంగడికి పోకముందే ఇంటర్నెట్టులో పెట్టేసినారు. పెట్టిన అమ్మ ఇదో, ఎదురుగానే కూర్చోని అన్నం తింటా ఉండాది."

"విడు పా, ఈ రోజెందుకు అదంతా," అన్నాడు పక్కవాడు.

"ఎందుకు విడవాల? నేనేమన్నా కల్పించి చెప్తా ఉండానా? ఆమె నోటితోనే ఒప్పుకొన్నది. నేను పక్కనే ఉండినాను."

అక్క తల ఎత్తలేదు. ఆకులో ఉన్నది పూర్తిగా తిని, లేచి, చెయ్యి కడుక్కుని, స్టేషనుకు నడిచిపోయింది. నేనూ తల ఎత్తలేదు. ఆ పుస్తకాన్ని ఇంటర్నెట్‌లో పెట్టింది నేను, అక్క కాదు. అది నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. అక్క తన నోటితో ఒప్పుకుందన్న సంగతి మాత్రం ఆ రోజే మొదటిసారి విన్నాను. విని కూడా అన్నం ముద్ద మింగి ఊరుకున్నాను. మా వైపు పిల్లలు కొందరు ఇప్పటికీ నన్ను చూసి, జపాను బొమ్మల కథల్ని మొదట తెలుగులోకి తెచ్చింది ఈయనే అంటారు. అదీ నిజం కాదు. ఈ రెండు అబద్ధాలనూ సరిచెయ్యడానికే నా జ్ఞాపకాల పుస్తకంలో ఈ అధ్యాయం రాస్తున్నాను.

తిరుత్తణి అంటే నాకు మొదట తగిలేది గంధం వాసన, దాని వెనకే పొయ్యి మీద ఉడికే మైదా వాసన. పెద్దనాయన అంగడి కొండ కింద, మెట్లు మొదలయ్యే చోట ఉండేది. మొక్కు తీర్చుకుని గుండు కొట్టించుకున్నవాళ్ళ తలలకు గంధం, విభూతి పొట్లాలు, కర్పూరం అమ్మేవాళ్ళు. పళ్ళిపట్టు దాటి ఆంధ్ర సరిహద్దులో ఉండే మా ఊరి నుంచి కాలేజీలకు బస్సు సరిగా లేదని మా నాయన నన్ను పెద్దమ్మ ఇంట్లో వదిలాడు. రోజూ పొద్దున్నే రైలెక్కి తిరువళ్ళూరుకు పోయి కంప్యూటర్ కోర్సు చదివేవాణ్ణి. నేను లేచేసరికే పెద్దమ్మ పొట్లాలకు మైదా జిగురు ఉడికించి దింపేది. పెద్దనాయన అరుగు మీద కూర్చుని, తిరుపతి బస్సులో వచ్చే తెలుగు పేపరును మొదటి అక్షరం నుంచి కడపటి ప్రకటన దాకా పైకి చదివేవాడు. వినేవాళ్ళు ఉన్నారా లేదా అనేది ఆయనకు అక్కర్లేదు. ఇంట్లో చదువొచ్చిన ప్రతి మనిషీ చదివిన తర్వాతే ఆ పేపరు విభూతి పొట్లాలకు పోవాలి. ఎవరూ చదవని కాగితంలో దేవుడి విభూతి కట్టకూడదన్నది ఆయన నియమం. నన్ను అడిగేవాడు, "చదివినావా?" అని. తమిళ బళ్ళో చదివిన నాకు అప్పట్లో తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడమే. "చదివినాను పెద్దనాయనా," అనేవాణ్ణి. ఆ ఇంట్లో నేను చెప్పిన మొదటి అబద్ధం అదేననుకుంటాను.

సులోచనక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. తెలుగు బళ్ళో చదివి, టీచరు ట్రైనింగు కూడా పూర్తి చేసింది. తెలుగు టీచరు పోస్టులు ఏటికేడు తగ్గిపోతుంటే, వస్తుంది వస్తుందని ఎదురుచూస్తూ అంగడిలో కూర్చుంది. గంధం కలిపే చేత్తోనే లైబ్రరీ పుస్తకాలు తిప్పేది కాబట్టి, ఆమె చదివిన పుస్తకాల అంచులన్నీ పసుపుపచ్చగా ఉండేవి. లైబ్రేరియన్ తిట్టేవాడు. "దేవుడి ప్రసాదం అంటుకుంటే నీకేం నష్టం సారూ," అనేది.

తిరువళ్ళూరు స్టేషను పక్కన ఒక బ్రౌజింగ్ సెంటరు ఉండేది. అక్కడే నాకు మాంగా కనిపించింది. జపాను బొమ్మల కథల్ని అలా అంటారు. ఎక్కడెక్కడి దేశాల అభిమానులో ఆ పుస్తకాల పేజీలు స్కాన్ చేసి, బుడగల్లోని జపాను మాటలు చెరిపి, తమ భాషలో రాసి ఇంటర్నెట్‌లో ఊరికే పెట్టేవారు. రాసినాయన అనుమతీ ఉండదు, అచ్చు వేసినవాళ్ళ అనుమతీ ఉండదు. ఇష్టం ఒక్కటే. నేను ఇంగ్లీషులో చదివిన ఒక కథ, కొండ మీది గుడికి పోయే రాతిమెట్ల కింద టీ అంగడి నడిపే ఒక అవ్వదీ, ఆమె మనవరాలిదీ. ఇరవై పేజీలు ప్రింటు తీసి అక్కకు తెచ్చి చూపించాను. బొమ్మలు తిప్పి తిప్పి చూసి, "ఇది మన అంగడే కదరా! టీ ఒకటి ఎక్కువ, గంధం ఒకటి తక్కువ," అంది. మరుసటి రోజు నేను రైలు దిగి ఇంటికొచ్చేసరికి పలక పట్టుకుని కూర్చుంది. "చెప్పు, ఆ ముసల్ది ఏమంటా ఉండాదో. మనమూ తెలుగులో రాస్తాం."

అక్క పని చేసే తీరు చూసి తీరాలి. నేను ఇంగ్లీషు చదివి, నాకొచ్చిన సగం తమిళం సగం తెలుగులో చెప్పేవాణ్ణి. ఆమె వెంటనే రాయదు. బొమ్మ చూస్తుంది.

"ఈ పిల్ల ఎవురితో మాట్లాడతా ఉండాది?"

"అవ్వతో."

"కోపంగానా, గారాబంగానా?"

"ఇంగ్లీషులో అదంతా లేదక్కా. ఒట్టి మాటే ఉంది."

"ఇంగ్లీషును యాడన్నా పడెయ్. చెయ్యి చూడు. అవ్వ బట్ట కొస పట్టుకోనుండాది. గారాబమే."

అప్పుడు పలక మీద రాసి, పెద్దమ్మకు చదివి వినిపించేది. పెద్దమ్మకు అక్షరం రాదు. గరిటె తిప్పుతూ వినేది. నవ్వాల్సిన చోట ఆమె నవ్వకపోతే అక్క పలక తుడిచేసేది. "ఏ ముసల్దే అట్ల మాట్లాడేది? అది కలెక్టరాఫీసు మాట," అనేది పెద్దమ్మ. ఆమె సరే అన్న మాటనే తెల్లకాగితం మీద నల్లపెన్నుతో, బుడగ ఆకారంలో కత్తిరించి, పొట్లాల జిగురుతోనే ఇంగ్లీషు మాటల మీద అంటించేవాళ్ళం. అప్పట్లో నా దగ్గర తెలుగు ఫాంటు లేదు. అందువల్ల మా పేజీల్లో ఉన్నదంతా అక్క చేతిరాత. అవ్వ మాటలకు గుండ్రటి నిదానమైన అక్షరాలు, పిల్ల మాటలకు కాస్త ముందుకు ఉరికే అక్షరాలు. జపాను వాళ్ళు నిశ్శబ్దానికి కూడా ఒక చప్పుడు బొమ్మ మీద రాస్తారు. మంచు పడి ఒక్క మనిషీ రాని రోజు అంగడి బొమ్మ ఒకటుంది. ఇంగ్లీషు వాళ్ళు ఆ చప్పుడును చెరిపి ఖాళీగా వదిలేశారు. అక్క ఒక పగలంతా ఆలోచించి 'నిమ్మళం' అని రాసింది, చిన్న అక్షరాలతో, ఒకదానికొకటి దూరం దూరంగా. ఆ పేజీ చూస్తే ఇప్పటికీ నాకు ఎవరో వీధి తలుపు దగ్గరకు వేసినట్టుంటుంది.

ఇంకొక చోట, బడికి పోతూ పిల్ల గడపలో నిలబడి అవ్వకు చెప్పే మాటను ఇంగ్లీషు వాళ్ళు 'బై' అని రాశారు. అక్క ఒప్పుకోలేదు. "గడప దాటే బిడ్డ బై అంటాదా? పోయొస్తా అవ్వా అంటాది. అవ్వ పోయిరా అంటాది," అని అట్లే రాసింది. తర్వాత లోకనాథం మామ ఆ పేజీలను శ్రీపెరుంబుదూరు పక్క ఫ్యాక్టరీలో జపాను వాళ్ళకు మాటలు మార్చి చెప్పే ఒకమ్మాయికి చూపించాడు. ఆ అమ్మాయి ఆ బుడగ మీద వేలు పెట్టి చూపించిందట. జపాను భాషలో ఉన్నది సరిగ్గా అదేనట: పోయి, వస్తాను. ఇంగ్లీషు పోగొట్టినదాన్ని అక్క బొమ్మ చూసి పట్టుకుంది. జపాను అక్షరం ఒక్కటి కూడా తెలియని మనిషి!

మా గుంపుకు 'కొండమెట్లు' అని పేరు పెట్టాను. గుంపంటే ఇద్దరమే. పేజీలు ఇంటర్నెట్‌లో పెట్టేది నేను, ఉత్తరాలు వచ్చేది నాకు. హోసూరు నుంచీ బెంగళూరు నుంచీ గల్ఫు నుంచీ తెలుగువాళ్ళు రాసేవారు. మీ తెలుగు చదివితే మా అవ్వ మాట్లాడినట్టుంది, మీరు ఎక్కడ నేర్చుకున్నారు అని అడిగేవారు. మొదటిసారి 'మా అక్క రాసింది' అని ఇంగ్లీషు అక్షరాల్లో జవాబు టైపు చేసి, చెరిపేశాను. 'ధన్యవాదాలు, ఇంట్లో నేర్చుకున్నాను' అని పంపాను. దాని తర్వాత చెరపాల్సిన అవసరం కూడా రాలేదు. అక్కకు మాత్రం, "అందరికీ నచ్చిందక్కా," అని చెప్పేవాణ్ణి. ఆమెకు అది చాలు. అభిమానుల గుంపుల్లో ఒక మర్యాద ఉండేది. ఎవరైనా అనుమతి కొని ఆ పుస్తకాన్ని మన భాషలో అచ్చు వేస్తే, ఆ రోజే మన పేజీలు తీసెయ్యాలి, అందరినీ కొనుక్కోమని చెప్పాలి. అది విని అక్క మురిసిపోయి, ప్రతి అధ్యాయం చివర ఆ మాట తనే రాసేది: 'ఈ పుస్తకం తెలుగులో అచ్చయిన రోజు ఇది ఇక్కడ ఉండదు. అప్పుడు కొని చదవండి.'

నిజంగా అచ్చు వేస్తానని ఒకాయన వస్తాడని మేమిద్దరం అనుకోలేదు. మా పేజీలను తిరుత్తణిలో జిరాక్సు తీసి, స్పైరల్ కట్టి, కాలేజీ పిల్లలు రైల్లో చదివేవారు. లోకనాథం మామ అరక్కోణంలో ఎక్కి తిరువళ్ళూరులో దిగాల్సినవాడు, పక్క పిల్లవాడి చేతిలోది కొంచెం చూసిస్తానని అడిగి తీసుకుని, తలెత్తేసరికి ఆవడి వచ్చిందట. పెళ్ళి పత్రికలు, పంచాంగాలు, ఎప్పుడన్నా పిల్లల కథల పుస్తకాలు వేసే చిన్న అచ్చాఫీసు ఆయనది. జిరాక్సు అంగడిలో వాకబు చేసుకుంటూ మా అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కొండమెట్లు అనే దొంగల ముఠా ఇదేనా?"

పెద్దనాయన పేపరు దించాడు. "దొంగలెవురయ్యా? మేము విభూతి అమ్మేవాళ్ళం."

"నన్ను తిరువళ్ళూరులో దిగనీకుండా ఆవడి దాకా లాక్కోని పోయినారు. దానికెవరు జవాబు చెప్తారు?"

అక్క లోపలి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన ఆ చేతుల మీది గంధం, సిరా మరకలు రెండూ చూశాడు. ఆ అక్షరాలు ఎవరివో నన్ను అడగలేదు. "పుస్తకం ఆ జపాను ఆయనది కదమ్మా. అడిగినారా ఆయన్ను?" అన్నాడు.

"అడిగే దోవ తెలీదు మామా."

"దోవ నేను వెతుకుతాను. మీరు చెయ్యకపోయుంటే ఈ కథ నా చేతికి వచ్చుండదు, అది ఒప్పుకుంటా. కానీ ఇట్లనే ఉంటే ఇది జిరాక్సు అంగడి ఉండే ఊర్లకే పోతాది. బడికి పోదు, లైబ్రరీకి పోదు. అచ్చు వేస్తే పోతాది."

ఎనిమిది నెలలు ఆయన జపానుకు ఉత్తరాలు రాశాడు. తన ఇంగ్లీషు మీద నమ్మకం లేక, ప్రతి ఉత్తరాన్నీ బ్యాంకు మేనేజరుకు చూపించి దిద్దించుకునేవాడు. మొత్తం ఏడు పుస్తకాల కథ అది. మొదటిది వెయ్యండి, సరిగా జరిగితే మిగతా ఆరూ ఇస్తాం అన్నారు వాళ్ళు. అభిమానులు ఇంటర్నెట్‌లో పెట్టినవి తీసెయ్యాలి, అచ్చు పేజీలు బయటికి పోకూడదు, పోతే ఒప్పందం రద్దు. మామ ఆ కాగితాన్ని అక్కకు చదివి చెప్పి, "కంప్యూటరు అక్షరాలు వద్దమ్మా. నీ చేతిరాతే ఉండనీ. దాని కోసమే నేను ఆవడి పోయింది," అన్నాడు. మా పాత పేజీలన్నీ ఆ వారమే తీసేశాం. అక్క ప్రతి బుడగనూ కొత్తగా రాసింది. టీచరు ఉద్యోగం రాదని తేలిపోయిన ఏడాది అది. అయినా ఆ నెలల్లో ఆమె నడకే వేరుగా ఉండేది.

పొన్నుస్వామి అన్నకు మాత్రం అదొక సంకటం. జపాను పుస్తకం కుడి నుంచి ఎడమకు పోతుంది. కుట్టు కుడి పక్క రావాలి, మనకు కడపటి అట్ట అయ్యేది దానికి మొదటి అట్ట. "ఏందయ్యా ఇది? ఈ మాదిరి కుడితే, పొన్నుస్వామి తాగి కుట్టినాడంటారు ఊర్లో," అని సూది కింద పెట్టేశాడు. "నువ్వు తాగవని అందరికీ తెలుసులే," అన్నాడు మామ. "అదే నా భయం. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టినాడంటారు!" అయినా తెల్లకాగితాలతో ఒక నమూనా కుట్టాడు. రెండు రోజుల తర్వాత చూస్తే టీ బంకు దగ్గర నిలబడి, ఆ ఖాళీ పుస్తకం ఎటు నుంచి తిప్పాలో అందరికీ నేర్పుతున్నాడు.

పుస్తకాలు అచ్చయి, ఆయన చేతి కుట్టు కూడా పూర్తయి, కట్టలు కట్టి పెట్టిన వారం నా పని జరిగింది. దానికి కొన్ని రోజుల ముందు, అక్క ఆఖరి దిద్దుళ్ళు చూసుకోవడానికని మామ అచ్చు పేజీలన్నీ ఒక సీడీలో వేసి నాకిచ్చాడు. అక్క చెప్తే నేను కంప్యూటర్లో సరిచెయ్యాలి. సరిచేశాను కూడా. సీడీ తిరిగివ్వాల్సిన రోజు, ఊరికే తెరిచి మొదటి పేజీ చూశాను. 'తెలుగు మాటలు, చేతిరాత: సులోచన' అని ఉంది. ఆమె పేరు ఒక్కటే. కడపటి పేజీకి పోయాను. అట్టడుగున సన్న అక్షరాల్లో 'కంప్యూటరు సహాయం: తణికాచలం'. ఉన్నమాటే అది. నేను చేసింది అంతే. కానీ ఈ పుస్తకం అంగడికి పోతే, నాకు ఉత్తరాలు రాసిన వాళ్ళందరికీ అది తెలిసిపోతుంది. ఇంట్లో నేర్చుకున్నానని చెప్పుకున్నవాడు అక్షరం రాయనివాడని తెలుస్తుంది. మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి, స్టేషను పక్క బ్రౌజింగ్ సెంటరులో కూర్చుని, మూడు గంటలు పట్టినా పుస్తకం మొత్తం ఇంటర్నెట్‌లోకి ఎక్కించాను. అక్క పేరున్న పేజీ తీసేసి, 'కొండమెట్లు' అని పెట్టాను. చివర అక్క రాసే మర్యాద మాట పెట్టలేదు. సాయంత్రానికి పొగడ్తలు మొదలయ్యాయి.

పేజీల మూలల్లో సన్నటి గీతలుంటాయి, అచ్చయిన కాగితాన్ని ఎక్కడ కత్తిరించాలో చూపేవి. వాటిని నేను తీసెయ్యలేదు. నాకు తట్టనే లేదు. ఇది అచ్చాఫీసు లోపలి నుంచి బయటపడిందని ఆ గీతలు ప్రతి పేజీలోనూ చెప్పాయి. పది రోజుల్లో జపాను వాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. ఒప్పందం రద్దు, మిగతా ఆరు పుస్తకాలూ లేవు, అచ్చు వేసినవాటిని నాశనం చెయ్యాలి. తప్పు నా ఆఫీసులో జరిగింది, బాధ్యత నాదే అని మామ జవాబు రాశాడు. ఎవరి పేరూ రాయలేదు. కట్టలు విప్పి ఆ పుస్తకాలన్నింటినీ కటింగు మెషిన్లో పెట్టి కోసింది పొన్నుస్వామి అన్నే. ఇంకొకరిని తాకనివ్వలేదట. నేను ఇంట్లో, "ప్రెస్సులో ఎవడో దొంగిలించి మన పేరు పెట్టినాడక్కా," అన్నాను. అక్క, "ఊఁ," అంది. పాఠకులకు ఇంకా పెద్ద అబద్ధం రాశాను. ప్రచురణకర్తకు మన భాష మీద ప్రేమ లేదు, మధ్యలో వదిలేశాడు అని. వాళ్ళు మామను తిడుతూ పేజీలు పేజీలు రాశారు. అన్నీ చదివాను. ఒక్కదానికి కూడా అడ్డు చెప్పలేదు.

ఆ ఒక్క పుస్తకంతోనే అచ్చాఫీసు మూతపడిందని పొన్నుస్వామి అన్న చెప్పడం కొంచెం ఎక్కువే. పెళ్ళి పత్రికలు ఫోన్లలోకి పోయాయి, పంచాంగాలు పెద్ద ఊర్ల నుంచి రంగుల్లో వచ్చాయి. కానీ దాని తర్వాత ఆయన ఇంకొక కొత్త పుస్తకం వెయ్యలేదు. అది నా వల్లనే. నా పెళ్ళికి పత్రికలు ఆయనే అచ్చు వేసిచ్చాడు. ముత్తాత పేరులో ఒక ఒత్తు పోయిందని, వేసిన కట్ట మొత్తం పక్కన పెట్టి మళ్ళీ వేశాడు. ఇచ్చేటప్పుడు నా భుజం తట్టాడు. నాకు తెలిసిన గొప్ప మనుషుల్లో ఆయన మొదటివాడు. ఆ మాట ఆయన బతికుండగా చెప్పలేదు.

ఇప్పుడు నేను కాట్టుపల్లి ఓడరేవులో కాంట్రాక్టు సూపర్వైజర్ని. పొద్దున కంపెనీ బస్సులో కుర్రవాళ్ళందరి ఫోన్లలోనూ మాంగానే. జపానులో వచ్చిన రోజే ఇంగ్లీషులో వస్తుంది. అదీ పెద్ద ప్రచురణకర్తలే పెడతారు. అభిమానులు ఎంత తొందరగా ఇస్తారో, జనం ఎంత ఆత్రంగా చదువుతారో చూసి వాళ్ళు నేర్చుకున్నారు. ఆ మేరకు మాలాంటి గుంపుల వల్ల మంచే జరిగింది. జిరాక్సు కాగితాలు లేకపోతే లోకనాథం మామ ఆవడి పోయేవాడే కాదు. కానీ పెద్దవాళ్ళు దొంగతనాన్ని తట్టుకుని నిలబడి నేర్చుకున్నారు. ఒకే ఒక్క పుస్తకంతో మొదలుపెట్టినవాడికి ఆ వ్యవధి ఉండదు. మొన్న నెల్లూరు కుర్రవాణ్ణి అడిగాను, "తెలుగులో చదవవా?" అని. "తెలుగులో యాడుందన్నా?" అన్నాడు. తిరుత్తణి చుట్టుపక్కల మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవమంటే తమిళమే చదువుతారు. ఆ ఏడు పుస్తకాలు వచ్చుంటే, తర్వాతి బొమ్మలో అవ్వ ఏమందో తెలుసుకోవాలనైనా నలుగురు పిల్లలు అక్షరాలు నేర్చుకునేవారేమో. ఎంతమంది అని నేను చెప్పలేను. చూసే వీలు లేకుండా చేశాను.

పదహారో రోజు తర్వాతి ఆదివారం తిరుత్తణికి పోయాను. పెద్దనాయనా పెద్దమ్మా ఇద్దరూ ఇప్పుడు లేరు. అక్క ఒక్కతే అంగడి చూసుకుంటోంది. గుండ్లతో ఒక కుటుంబం వస్తే అందరి తలలకూ గంధం పూసి పంపి, నా వైపు తిరిగింది.

"అక్కా, ఆ రోజు పొన్నుస్వామన్న చెప్పింది…"

"ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఒప్పుకొన్నాను."

"పెట్టింది నేను కదక్కా."

"ఓహో. ఇప్పటికి నోరొచ్చిందా." గిన్నె పక్కకు జరిపింది. "ఎవడో దొంగిలించినాడంటివే?"

"అబద్ధం చెప్పినాను."

"అది ఆ రోజే తెలుసు. మామా, పొన్నుస్వామీ ఇద్దరూ వచ్చినారు. నువ్వు క్లాసుకు పోయుండినావు. తణిక యాడమ్మా, వచ్చేదాకా కూర్చుంటాను, అన్నాడు మామ. నువ్వొచ్చి ఏం చెప్తావో నాకు తెలుసు. నాకు చెప్పిందే ఆయనకూ చెప్తావు. నేనే పెట్టినాను మామా, అనేసినాను."

"నాకు ఉద్యోగం వచ్చే టైమని…"

"నీ ఉద్యోగమా! నీ ఉద్యోగం గురించి ఎవురు తలుచుకున్నారు? ఆ మనిషి ముఖం చూసి నువ్వు అబద్ధం చెప్తావు, అది నేను పక్కన నిలబడి వినాల. అది నా వల్ల కాలేదు. అంతే."

"ఆయన నమ్మినాడా?"

"కంప్యూటర్ను చేత్తో తాకను కూడా లేదు నేను. అది ఆయనకు తెలీదా? కొంచేపు నన్ను చూసినాడు. సరేమ్మా, అని లేచినాడు. నమ్మింది పొన్నుస్వామే. ఆయనకూ నాకు తెలిసినంతే తెలుసు కంప్యూటరు." గిన్నె మళ్ళీ ముందుకు లాక్కుని అంది: "మామ మళ్ళీ రాయమని రెండు తూర్లు వచ్చి అడిగినాడు. ఇంకేదైనా కథ తెస్తానన్నాడు. నాకు చెయ్యాడలేదు."

సంచిలోంచి కాగితాలు తీసి, ఇక్కడిదాకా రాసింది ఆమెకు చదివి వినిపించాను. మధ్యలో ముగ్గురు బేరానికి వచ్చారు. వాళ్ళను పంపి మళ్ళీ విన్నది. "అమ్మ మైదాలో మైలతుత్తం వేసేది, పురుగు పట్టకుండా. అది రాయలేదు నువ్వు," అంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. తర్వాత అడిగింది, "దీన్ని ఎవురు చదువుతారు?"

"పుస్తకంలో వస్తుందక్కా. అందరూ చదువుతారు."

"పొన్నుస్వామి చదువుతాడా?"

ఆయనకు తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. కాగితాలు మడిచాను.

"నన్ను ఇరవై ఏండ్లు దొంగదని అన్నది ఆ మనిషి. ఇది చదివేవాళ్ళు నన్నేమీ అనలేదు. వాళ్ళకు రాసి నువ్వు తేలిక చేసుకుంటావు. ఆయనకు నోటితో చెప్పు. నన్ను మాత్రం మన్నించమని అడగొద్దు, ఇప్పుడు రద్దీ వచ్చే టైము."

అటునుంచి అటే రైలెక్కి తిరువళ్ళూరులో దిగాను. పొన్నుస్వామి అన్న ఇప్పుడు గుడి వెనక సందులో కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు కుడుతున్నాడు. నన్ను చూసి స్టూలు జరిపాడు. కూర్చోకుండానే చెప్పాను. ఆ పుస్తకం ఇంటర్నెట్‌లో పెట్టింది నేనన్నా, అక్క కాదు అని. ఆయన చేతిలో సూది ఆగింది.

"మళ్ళా చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"ఎందుకు చేసినావు?"

"నా పేరు చిన్నగా వేసినారని."

"దానికా?"

"దానికేనన్నా."

తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆయన దారం కొస పళ్ళతో తెంపి, కుడుతున్న రిపోర్టు మూసి పక్కన పెట్టాడు. "ఎన్ని కోసినానో తెలుసునా? ఒక్కొక్కటి కోసేటప్పుడు ఆ అమ్మ పేరు చెప్పి శపించినాను," అని తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత, "ఫోను కలుపు," అన్నాడు. కలిపి ఇచ్చాను. "సులోచనమ్మా, నేను పొన్నుస్వామి," అని, నన్ను బయటికి పొమ్మని చేత్తో సైగ చేశాడు. సందులో ఎండలో నిలబడ్డాను. చాలాసేపటికి ఆయన బయటికి వచ్చి ఫోను నా చేతిలో పెట్టాడు.

"వచ్చే ఆదివారం నేను తిరుత్తణికి పోతా ఉండాను," అన్నాడు. "నువ్వు రావద్దు."